నీరసం, తిమ్మిరి కలిసి వస్తే కారణం ఎక్కడ వెతకాలి?

నెలల తరబడి నీరసం. రాత్రంతా పడుకుని లేచినా ఒంట్లో ఓపిక ఉండదు. దానికి తోడు కాళ్లలోనో చేతుల్లోనో తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు చురుకులు, ముట్టుకున్నా సరిగా తెలియని మొద్దుతనం. ఈ రెండూ కలిసి వచ్చినప్పుడు చాలామంది నీరసం గురించే ఎక్కువ చెబుతారు. డాక్టరు ముందు కూర్చుని "ఏ పనీ చేయబుద్ధి కావడం లేదు" అంటారు. తిమ్మిరి సంగతి లేచి వచ్చేటప్పుడు గుర్తొస్తుంది. అసలు కారణం తొందరగా దొరకాలంటే ఈ వరస తిరగబడాలి.

ఎందుకంటే నీరసానికి ఊరూ పేరూ ఉండదు. రక్తం తగ్గినా, థైరాయిడ్ మందగించినా, నిద్ర చెడినా, మనసు కుంగినా, కిడ్నీలు దెబ్బతిన్నా, లోపల ఏదో ఇన్ఫెక్షన్ నడుస్తున్నా, వాడుతున్న మందు పడకపోయినా వచ్చేది అదే నీరసం. తిమ్మిరి అలా కాదు. ఒంట్లో ఫలానా చోట మొదలవుతుంది, ఫలానా హద్దు దగ్గర ఆగుతుంది, కొన్ని రోజుల్లోనో కొన్నేళ్లలోనో ఒక దిక్కుగా పాకుతుంది. నరం ఎటు వెళ్తే తిమ్మిరి కూడా అటే వెళ్తుంది కాబట్టి, అది ఎక్కడుందో సరిగ్గా చెప్పగలిగితే దెబ్బ ఏ మట్టంలో తగిలిందో సగం తేలిపోతుంది. రక్త పరీక్షల చిట్టా రాయడానికి ముందు జరగాల్సిన పని ఇది. ఇప్పుడు ఎక్కువసార్లు జరగనిదీ ఇదే.

తిమ్మిరి ఎక్కడ ఉంది?

రెండు పాదాల్లోనూ ఒకేసారి, వేళ్ల కొసల నుంచి మొదలై మెల్లగా పైకి ఎక్కే తిమ్మిరి ఒక రకం. దీర్ఘకాలం నీరసంతో కలిసి తరచుగా కనిపించేది ఇదే. నడుము దగ్గర మొదలై కాలి బొటనవేలి దాకా వెళ్లే నరపు పోగు పెద్దవాళ్లలో సుమారు మీటరు పొడవుంటుంది. ఆ చివరి కొసకు కావలసిన పోషణలో చాలా భాగం వెన్ను పక్కనున్న ఒక్క కణం నుంచే సాగాలి. రక్తంలో చక్కెర పెరిగినా, అవసరమైన విటమిన్ తగ్గినా, ఏదైనా విషం చేరినా ముందు నష్టపోయేది అంత దూరాన ఉన్న ఆ కొసే. అందుకే మొదట పాదాలు. తిమ్మిరి మోకాళ్ల దాకా ఎక్కేసరికి చేతివేళ్ల కొసల్లోనూ మొదలవుతుంది. చేతికి వెళ్లే నరాల పొడవు కూడా దాదాపు అంతే మరి. సాక్సులు, గ్లవ్స్ తొడుక్కున్నంత మేర స్పర్శ తగ్గిపోతుంది. రెండు వైపులా ఇలా సమంగా ఉందంటే ఏదో ఒక నరం ఒక చోట నొక్కుకుపోవడం కాదు, ఒళ్లంతటికీ సంబంధించిన కారణం ఉందని అనుకోవాలి.

ఒక చేతిలోనే, అదీ బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, వాటి వైపున్న సగం ఉంగరపు వేలు తిమ్మిరెక్కితే లెక్క వేరు. రాత్రి నిద్రలో లేపేసి, చెయ్యి నాలుగుసార్లు విదిలిస్తే కాస్త తగ్గుతుంది. మణికట్టు దగ్గరున్న ఇరుకు దారిలో మీడియన్ నరం నొక్కుకుపోవడం దీనికి కారణం. దీన్నే కార్పల్ టనెల్ సిండ్రోమ్ అంటారు. చిటికెన వేలు, దాని పక్కనున్న సగం ఉంగరపు వేలు అయితే ఎక్కువగా మోచేతి దగ్గర అల్నార్ నరం మీద ఒత్తిడి. తొడ బయటి వైపు అరచెయ్యంత మేర మొద్దుబారితే బిగుతు బెల్టు, పెరిగిన పొట్ట లాంటివి గజ్జల దగ్గర ఒక చిన్న నరాన్ని నొక్కుతుండవచ్చు. ఇలా నొక్కుకుపోయిన నరం నేరుగా నీరసం తెప్పించదు. కానీ రాత్రికి మూడుసార్లు చెయ్యి విదిలించుకుంటూ లేచే మనిషికి పగలు ఓపిక ఎక్కణ్నుంచి వస్తుంది? పైగా కార్పల్ టనెల్ వెనక థైరాయిడ్ లోపం, షుగర్, గర్భం లాంటివి దాగి ఉండటం మామూలే. రెండు చేతులకూ వచ్చిందంటే ఆ అనుమానం ఇంకా బలపడాలి.

మెడ నుంచి భుజం మీదుగా చేతిలోకి లాగే నొప్పి ఉండి, మెడ తిప్పితే ఎక్కువవుతుంటే మెడ వెన్నుపూసల దగ్గర నరం మొదలు చూడాలి. ఛాతీ దగ్గరో పొట్ట దగ్గరో ఒక గీత గీసినట్టు, దాని కిందంతా స్పర్శ తగ్గితే వెన్నుపాము. ముఖం, చెయ్యి, కాలు ఒకే పక్కన మొద్దుబారితే మెదడు. పెదవుల చుట్టూ, రెండు చేతుల వేళ్ల కొసల్లో ఉండి ఉండి చిమచిమలాడితే రక్తంలో కాల్షియం తగ్గడమో, ఊపిరి తీరు మారడమో. చర్మం మీద రంగు తగ్గిన మచ్చో ఎర్రటి మచ్చో ఉండి, సరిగ్గా అక్కడే వేడీ చల్లదనం తెలియకపోతే కుష్ఠు పరీక్ష చేయించాల్సిందే. ఆ రోగం ఎప్పుడో పోయిందని చాలామంది అనుకుంటారు. ప్రపంచంలో ఇప్పటికీ ఏటా రెండు లక్షలకు అటూ ఇటూగా కొత్త కేసులు బయటపడుతున్నాయి. మందులతో పూర్తిగా నయమవుతుంది, నరం చెడకముందే పట్టుకుంటే వైకల్యమూ రాదు.

ఎంత వేగంగా వచ్చింది?

చోటు తర్వాత చూడాల్సింది వేగం. నిమిషాల్లో ఒక పక్కంతా మొద్దుబారి, మాట తడబడినా మూతి వంకరపోయినా అది పక్షవాతం అయ్యే అవకాశం ఎక్కువ. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా మొదటి నాలుగున్నర గంటల్లోనే పడాలి కాబట్టి ఇంట్లో కూర్చుని చూసే వ్యవధి లేదు. జలుబో విరేచనాలో వచ్చి తగ్గిన ఒకటి రెండు వారాలకు పాదాల్లో తిమ్మిరి మొదలై, రోజుల్లోనే కాళ్లు బలం తప్పి, మెట్లు ఎక్కలేని స్థితి వస్తే, ఒంటి రక్షణ వ్యవస్థే నరాల మీద దాడి చేసే గిలాన్ బారే సిండ్రోమ్‌ను అనుమానించాలి. అది ఊపిరి కండరాల దాకా ఎక్కవచ్చు. నడుం నొప్పితో పాటు మలమూత్ర ద్వారాల చుట్టూ, తొడల లోపలి వైపు స్పర్శ పోయి, మూత్రం రాకపోవడమో తెలియకుండా పోవడమో జరిగితే అది కూడా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాల్సిన విషయం. ఈ మూడూ దీర్ఘకాలపు నీరసం కథలోవి కావు. అయినా ముందు వీటిని పక్కకు పెట్టుకున్నాకే మిగతావాటి గురించి తీరిగ్గా ఆలోచించాలి.

వారాలు, నెలలు, ఏళ్ల మీద నెమ్మదిగా పెరిగిన తిమ్మిరికి ఎక్కువసార్లు దొరికే కారణాలు చాలా మామూలివి: బి12 లోపం, షుగర్, మద్యం, థైరాయిడ్, కిడ్నీ జబ్బు, వాడుతున్న మందులు. కాకపోతే నెట్‌లో ఈ రెండు లక్షణాలూ టైపు చేసినవారికి ముందు కనిపించేవి మల్టిపుల్ స్క్లెరోసిస్ (మెదడు, వెన్నుపాముల్లో నరాల మీది పొర చెడే జబ్బు), క్యాన్సర్ లాంటి పేర్లు. ఆ భయంతో మొదటి అడుగే మెదడు స్కానింగ్ వైపు పడుతుంది, బి12 పరీక్ష మిగిలిపోతుంది.

బి12 దగ్గర జరిగే పొరపాట్లు

నీరసం, తిమ్మిరి రెండింటినీ ఒక్క లోపమే తెప్పించగలిగే ఉదాహరణ చెప్పమంటే ముందు చెప్పాల్సింది బి12. ఎముకల మూలుగలో ఎర్ర రక్తకణాలు తయారవ్వాలంటే ఇది కావాలి. నరాల మీద ఉండే మైలిన్ అనే కొవ్వు పొర నిలబడాలన్నా ఇది కావాలి. తగ్గినప్పుడు ఒక పక్క రక్తహీనతతో నీరసం, ఇంకో పక్క మైలిన్ చెడి తిమ్మిరి. వందేళ్ల కిందట ఇది ప్రాణాలు తీసే జబ్బు. 1926లో జార్జ్ మైనాట్, విలియం మర్ఫీ అనే అమెరికన్ వైద్యులు రోజూ ఎక్కువ మోతాదులో కాలేయం తినిపిస్తే ఆ రోగులు కోలుకుంటున్నారని చూపించారు. 1934లో జార్జ్ విపుల్‌తో కలిసి వారికి నోబెల్ వచ్చింది. కాలేయంలో ఉన్న ఆ పదార్థం ఏమిటో 1948లో గానీ తేలలేదు. మధ్యలో కోబాల్ట్ ఉన్న ఎర్రటి స్ఫటికం అది. బి12 ఇంజెక్షన్ మందు ఇప్పటికీ ఎర్రగా ఉండేది ఆ కోబాల్ట్ పరమాణువు చుట్టూ ఉన్న నిర్మాణం వల్లే.

పెద్దవాళ్లకు రోజుకు కావలసింది సుమారు 2.4 మైక్రోగ్రాములు. కాలేయంలో నిల్వ మాత్రం మిల్లీగ్రాముల్లో ఉంటుంది. ఆ నిల్వ తరగడానికి ఏళ్లు పడుతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. ఇవాళ కాళ్లు తిమ్మిరెక్కడానికి కారణం మూడు నాలుగేళ్ల కింద మొదలై ఉంటుంది: మాంసం, గుడ్లు, పాలు అన్నీ మానేయడం, పొట్టకో చిన్నపేగు చివరి భాగానికో జరిగిన ఆపరేషన్, అప్పుడు మొదలుపెట్టిన షుగర్ మాత్ర. అంత వెనకటి సంగతిని ఇవాళ్టి తిమ్మిరితో ఎవరూ ముడిపెట్టరు. డాక్టరు "ఈ మధ్య ఏమైనా మార్పు ఉందా" అని అడిగితే "ఏమీ లేదండీ" అనే జవాబు వస్తుంది. అది నిజమే కూడా.

తిండిలో ఉన్నా ఒంటికి పట్టని సందర్భాలు చాలా ఉన్నాయి. బి12 పేగులోంచి రక్తంలోకి వెళ్లాలంటే పొట్ట గోడ తయారుచేసే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్‌తో జతకట్టాలి. కొందరిలో ఒంటి రక్షణ వ్యవస్థే ఆ ప్రోటీన్ మీద, దాన్ని తయారుచేసే కణాల మీద దాడి చేస్తుంది. దాన్ని పెర్నీషియస్ అనీమియా అంటారు. వయసు పైబడ్డాక పొట్టలో ఆమ్లం తగ్గి, ఆహారంలోని బి12 విడిపడదు. గ్యాస్ ట్రబుల్ కోసం ఏళ్ల తరబడి రోజూ మింగే ఆమ్లం తగ్గించే మాత్రలదీ అదే ప్రభావం. షుగర్‌కు ఎక్కువగా వాడే మెట్‌ఫార్మిన్ కూడా బి12 పీల్చుకోవడాన్ని తగ్గిస్తుంది. మోతాదు, వాడిన కాలం పెరిగేకొద్దీ ఆ ప్రమాదం పెరుగుతుంది. షుగర్ ఉన్న మనిషి కాళ్లు తిమ్మిరెక్కితే "షుగర్ కదా, మామూలే" అని వదిలేసే అలవాటు ఈ ఒక్క కారణం వల్లే తప్పవుతుంది. మాత్ర సొంతంగా ఆపేయాల్సిన పని లేదు, బి12 చూయించుకుంటే చాలు. మత్తు కోసం వాడే నైట్రస్ ఆక్సైడ్ వాయువు ఉన్న బి12నే పనికిరాకుండా చేస్తుంది. నిల్వ అంతంతమాత్రంగా ఉన్నవారిలో ఆపరేషన్ అయిన కొన్ని వారాలకు నడక తడబడిన సందర్భాలు వైద్యులకు తెలిసినవే.

పరీక్షల్లో తప్పటడుగులు ఇంకో రకం. హిమోగ్లోబిన్ బాగానే ఉందని బి12 లోపం లేదనుకోవడం మొదటిది. రక్తం ఏమాత్రం తగ్గకుండానే నరాలు చెడటం అరుదేమీ కాదు. బి12 తగ్గితే ఎర్రకణాల సైజు పెరగాలి, రిపోర్టులో ఎంసీవీ ఎక్కువ ఉండాలి. కానీ అదే మనిషికి ఇనుము కూడా తక్కువైతే అది సైజును కిందికి లాగుతుంది, రెండూ కలిసి ఎంసీవీ మామూలుగా కనిపిస్తుంది. నీరసానికి ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వాడితే రక్తం కోలుకుంటుంది, మనిషి తేరుకున్నట్టే ఉంటాడు, నరాలు మాత్రం లోపల చెడుతూనే ఉంటాయి. పరీక్షకు ముందు నాలుగు రోజులు బీకాంప్లెక్స్ మింగినా రక్తంలో బి12 అంకె బాగుందనిపిస్తుంది. అంకె మిల్లీలీటరుకు 200 పికోగ్రాములకు కిందుంటే లోపమే అనుకోవచ్చు. 200 నుంచి 300 మధ్యలో ఉంటే మిథైల్ మలోనిక్ యాసిడ్, హోమోసిస్టీన్ అనే మరో రెండు పరీక్షలు తేలుస్తాయి. రిపోర్టులో "నార్మల్" అని అచ్చయి ఉన్నా లక్షణాలు సరిపోతుంటే 200, 300 మధ్యనున్న ఈ అంకెలను వదలకూడదు.

బి12 దెబ్బ పాదాల నరాలతో ఆగదు. వెన్నుపాము వెనక భాగంలో, కాళ్లు ఎక్కడున్నాయో మెదడుకు చేరవేసే దారులనూ పాడుచేస్తుంది. దీన్ని కనిపెట్టడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. డాక్టరు ట్యూనింగ్ ఫోర్క్‌ను మోగించి కాలి బొటనవేలి ఎముక మీద ఆనిస్తారు. ఆ అదురు తెలియకపోయినా, డాక్టరు చేతికి ఇంకా తెలుస్తుండగానే రోగికి ఆగిపోయినట్టు అనిపించినా అక్కడ తేడా ఉన్నట్టే. తర్వాత పాదాలు దగ్గరగా పెట్టి నిలబడి కళ్లు మూసుకోమంటారు. అప్పటిదాకా నిలకడగా ఉన్న మనిషి ఊగిపోతాడు. ఇంట్లో ఇది సింకు దగ్గర బయటపడుతుంది. ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకోగానే తూలి, గట్టు పట్టుకోవాల్సి వస్తుంది. చీకట్లో నడక కష్టమవడం, నేల మీద కాక దూది మీద నడుస్తున్నట్టుండటం అన్నవి కూడా ఆ దారికి చెందిన మాటలే. ఎదురుగా ఉన్నవారు వీటిని "కళ్లు తిరుగుతున్నాయి" అనే ఖాతాలో వేసేస్తుంటారు.

షుగర్, థైరాయిడ్, మిగతావి

షుగర్ ఉన్నవారిలో దాదాపు సగం మందికి ఎప్పుడో ఒకప్పుడు నరాల దెబ్బ తగులుతుంది. పరగడుపున డెసిలీటరుకు 126 మిల్లీగ్రాములో, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల చక్కెర సగటును చెప్పే పరీక్ష) 6.5 శాతమో, అంతకు మించో ఉంటే షుగర్ అంటారు. అంతకు కిందున్న ప్రీడయాబెటిస్ దశలోనే పాదాల మంటలు మొదలైనవారూ ఉన్నారు. రాత్రి దుప్పటి తగిలినా మండటం ఒక రకం, ఏమీ తెలియకపోవడం ఇంకో రకం. రెండోదే ఎక్కువ ప్రమాదం. కాలి చెప్పు జారిపోయినా నాలుగడుగులు వేశాక గానీ తెలియదు, రాయి గుచ్చుకున్నా వేడినీళ్లు కాలినా నొప్పి లేదు కాబట్టి పుండు పెద్దదయ్యాక కంటపడుతుంది. చక్కెర ఎక్కువున్నప్పుడు నీరసం, దాహం, మాటిమాటికీ మూత్రం ఉంటాయి. అయితే ఏళ్ల తరబడి ఇవేవీ లేకుండా, పాదాల తిమ్మిరితోనే షుగర్ బయటపడటం కూడా జరుగుతుంది.

థైరాయిడ్ మందగిస్తే నీరసం, చలి, మలబద్ధకం, పొడిబారిన చర్మం, బరువు పెరగడం. చేతుల తిమ్మిరి ఇందులో ఎక్కువగా మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోవడం వల్ల వస్తుంది. టీఎస్‌హెచ్ పరీక్ష చాలావరకు తేల్చేస్తుంది. థైరాయిడ్ మాత్ర మొదలైన కొన్ని నెలలకు మణికట్టు బాధ కూడా తగ్గడం చూస్తారు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నా ఇదే జంట కనిపిస్తుంది, దానికి క్రియాటినిన్ పరీక్ష. మద్యం నేరుగా నరాలకు విషం, తిండి తగ్గించి బి1 లోపాన్నీ తెస్తుంది. యాభై, అరవై దాటిన మనిషిలో నీరసం, కారణం తెలియని రక్తహీనత, తగ్గని వెన్నునొప్పి, పాదాల తిమ్మిరి కలిస్తే రక్తంలో అసాధారణ ప్రోటీన్ ఉందేమో ఎలక్ట్రోఫోరెసిస్ అనే పరీక్షతో చూడాలి. ఎముకల మూలుగలో పుట్టే మల్టిపుల్ మైలోమా అనే క్యాన్సర్ లాంటి జబ్బులు అలా దొరుకుతాయి. అరుదైన సంగతే, కానీ ఆ వయసులో మర్చిపోదగ్గది కాదు.

మందుల జాబితా ఎప్పుడూ చేతిలో ఉండాలి. కొన్ని క్యాన్సర్ మందులు, గుండె లయ కోసం వాడే అమియోడరోన్, నెలల తరబడి వాడిన మెట్రోనిడజోల్ లేదా లినజోలిడ్ నరాలను దెబ్బతీయగలవు. టీబీకి ఇచ్చే ఐసోనియాజిడ్ ఒంట్లో బి6 పని చెడగొట్టి తిమ్మిరి తెస్తుంది, అందుకే దానితో పాటు బి6 మాత్ర ఇస్తారు. విచిత్రమేమిటంటే అదే బి6 ఎక్కువైనా తిమ్మిరి వస్తుంది. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది సుమారు 1.3 మిల్లీగ్రాములు. రోజుకు గ్రాముల కొద్దీ బి6 మింగి, పాదాల స్పర్శ పోయి, నడక తప్పినవారి గురించి 1983లోనే వైద్య పత్రికలో వచ్చింది. అంతకన్నా చాలా తక్కువ మోతాదు కూడా నెలల తరబడి వాడితే ఇబ్బంది పెట్టగలదని ఆ తర్వాత తెలిసింది. 2023లో యూరప్ ఆహార భద్రతా సంస్థ రోజుకు 12 మిల్లీగ్రాములకు మించవద్దని హద్దు గీసింది. "నరాల బలహీనత" పేరుతో అమ్మే బి విటమిన్ మాత్రల వెనక అట్ట తిప్పి చూస్తే కొన్నిటిలో దానికి ఎన్నో రెట్లుంటుంది. డాక్టరు ఒక కారణంతో, ఇంత కాలమని రాసిస్తే అది వేరు. తిమ్మిరి తగ్గలేదని రెండు మాత్రలకు పెంచి, ఏడాది పొడవునా మింగేవారు అనుమానించాల్సింది ఆ మాత్రనే.

టెన్షన్, ఊపిరి

అన్ని పరీక్షలూ బాగుండి, తిమ్మిరి మాత్రం వచ్చిపోతూ, పెదవుల చుట్టూ, రెండు చేతుల వేళ్లలో ఉంటే ఊపిరిని గమనించాలి. ఆందోళనలో ఉన్న మనిషి తనకు తెలియకుండానే పైపైన వేగంగా ఊపిరి తీస్తుంటాడు. అవసరానికి మించి కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. రక్తంలో క్షారగుణం పెరుగుతుంది. దాంతో రక్తంలో విడిగా తిరిగే కాల్షియం తగ్గి, నరాలు ఊరికే రెచ్చిపోతాయి. చిమచిమలు, తల తేలిపోవడం, ఛాతీ బిగుతు, ఒక్కోసారి చేతివేళ్లు కొంకర్లు పోవడం అలా వచ్చేవే. ఇది "ఉత్త టెన్షన్" అని కొట్టిపారేయాల్సింది కాదు. రక్తంలో నిజంగా జరిగే మార్పు ఇది, ఊపిరి నెమ్మదిస్తే నిమిషాల్లో సర్దుకుంటుంది. రోజంతా ఇలా గడిపిన ఒంటికి సాయంత్రానికి ఓపిక మిగలదు. అయితే ఊపిరితో సంబంధం లేకుండా పాదాల్లో ఇరవై నాలుగు గంటలూ ఉండే తిమ్మిరికి టెన్షన్ కారణమని సరిపెట్టడం మాత్రం పొరపాటు. ఆడవాళ్ల విషయంలో ఈ పొరపాటు మరీ ఎక్కువ.

మల్టిపుల్ స్క్లెరోసిస్ భయం

ఇది ఎక్కువగా ఇరవై నుంచి నలభై ఏళ్ల మధ్య మొదలవుతుంది, ఆడవాళ్లలో ఎక్కువ. నీరసం ఇందులో నిజంగానే పెద్ద బాధ. కానీ దీని తిమ్మిరికి ఒక తీరుంటుంది. ఒక కాలో, నడుము కిందంతా కలిపో, ముఖంలో ఒక పక్కో గంటలు, రోజుల మీద మొద్దుబారుతుంది. కనీసం ఒక రోజు, సాధారణంగా కొన్ని వారాలు ఉండి తగ్గుతుంది. మళ్లీ కొన్నాళ్లకు ఇంకో చోట, ఇంకో రూపంలో వస్తుంది. ఒక కంటి చూపు నొప్పితో మసకబారడం, తల ముందుకు వంచితే వెన్ను వెంట కరెంటు పాకినట్టుండటం, వేడినీళ్ల స్నానం చేసినా జ్వరం వచ్చినా లక్షణాలు పెరగడం దీనికి గట్టి ఆనవాళ్లు. రెండు పాదాల్లో సమంగా ఏళ్ల మీద పెరిగిన తిమ్మిరి దీని పద్ధతి కాదు. క్షణాలు ఉండి పోయే చురుకులు, రోజుకో చోట మారే చిమచిమలు కూడా సాధారణంగా దీనివి కావు.

అనుమానానికి తగిన ఆధారం ఉన్నప్పుడు ఎంఆర్ఐ తప్పనిసరి. ఆధారం లేకుండా తీయిస్తే దొరికేదే వేరే ఇబ్బంది. వెన్ను ఎంఆర్ఐలో ఏ నొప్పీ లేని ఇరవై ఏళ్లవారిలో కూడా 37 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపిస్తుందని, ఎనభై ఏళ్లకు అది 96 శాతానికి చేరుతుందని 2015లో ప్రచురితమైన ఒక సమీక్ష లెక్కగట్టింది. రిపోర్టులో "డిస్క్ బల్జ్" అన్న మాట చూడగానే తిమ్మిరికి కారణం దొరికేసిందనుకుంటారు. డిస్కు నిజంగా నరాన్ని నొక్కుతుంటే తిమ్మిరి ఆ నరం మేరలోనే ఉండాలి. రెండు పాదాలూ, రెండు చేతివేళ్లూ మొద్దుబారిన మనిషికి నడుములో ఒక పక్క ఉబ్బిన డిస్కు జవాబు కాదు. మెడ దగ్గర వెన్నుపామే నొక్కుకుపోతే సంగతి వేరు: గుండీలు పెట్టుకోవడం కష్టమవుతుంది, చేతిరాత మారుతుంది, కాళ్లు బిగుసుకుని నడక చెడుతుంది. అది కనిపెట్టడం ఆలస్యమైతే కోలుకోవడం కష్టం.

రెండింటికీ ఒకే కారణం ఉండాలా?

ఉండాలనేమీ లేదు. ఒకే జబ్బు అన్నిటినీ వివరిస్తే బాగుండునని అందరికీ ఉంటుంది, వైద్యులకు కూడా. కానీ నీరసం, తిమ్మిరి రెండూ జనంలో బాగా కనిపించేవే, కాబట్టి ఒకే మనిషిలో వేర్వేరు కారణాలతో కలవడం మామూలు. ఫెరిటిన్ తగ్గి, అంటే ఇనుము నిల్వ అయిపోయి, నీరసంగా ఉన్న అమ్మాయికి రోజంతా మౌస్ పట్టుకున్న చెయ్యి విడిగా తిమ్మిరెక్కవచ్చు. హిమోగ్లోబిన్ ఇంకా పడిపోకముందే ఇనుము లోపం అలసట తెస్తుంది కాబట్టి ఫెరిటిన్ చూడకుండా "రక్తం బాగుంది" అనలేం. గురక పెట్టి, నిద్రలో ఊపిరి ఆగి ఆగి తీసి, పగలు కూర్చున్న చోటే కునికే మనిషికి స్లీప్ అప్నియా పరీక్ష కావాలి. దానికి పాదాల తిమ్మిరితో సంబంధం ఉండకపోవచ్చు. ఏ పనిమీదా ఆసక్తి లేకుండా, ఉదయం లేవడమే భారంగా వారాలు గడుస్తుంటే డిప్రెషన్ గురించి అడగాలి. అడగడం అంటే తిమ్మిరి పరీక్షలు ఆపేయడం కాదు.

ఇంకో స్థితి గురించి పరీక్షలన్నీ బాగున్నాయన్న మాట విని విసిగినవారికి చెప్పాలి. ఆరు నెలలకు మించిన నీరసం, విశ్రాంతితో తగ్గకపోవడం, నిద్ర లేచినా తేరుకోకపోవడం, కొద్దిపాటి పని చేసినా మర్నాడో ఆ తర్వాతి రోజో మంచం పట్టేంతగా దిగజారడం ఉంటే అది ఎంఈ (మయాల్జిక్ ఎన్‌సెఫలోమైలైటిస్) లేదా క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అనే దీర్ఘకాలపు అలసట జబ్బు కావచ్చు. పని చేశాక వచ్చే ఆ దిగజారుడే దీని అసలు గుర్తు. వైరస్ జ్వరాల తర్వాత, కోవిడ్ తర్వాత కూడా ఇలా మొదలైనవారు ఉన్నారు. దీన్ని తేల్చే రక్త పరీక్ష ఏదీ లేదు. రోజూ కొంచెం కొంచెం వ్యాయామం పెంచుకుంటూ పొమ్మనే పాత సలహా వీరికి మేలు చేయకపోగా కొందరికి కీడు చేసింది. ఉన్న ఓపికను లెక్క చూసుకుని ఖర్చుపెట్టడమే ఇప్పుడు చెబుతున్న పద్ధతి.

మొదటి విడతలో ఏం చూడాలి?

నెమ్మదిగా వచ్చిన తిమ్మిరి, నీరసం ఉన్న చాలామందికి పెద్ద చిట్టా అక్కర్లేదు. పూర్తి రక్తకణాల లెక్క, ఫెరిటిన్, బి12, చక్కెర, హెచ్‌బీఏ1సీ, టీఎస్‌హెచ్, క్రియాటినిన్, కాల్షియం, కాలేయం పరీక్ష. వయసును బట్టి ప్రోటీన్ ఎలక్ట్రోఫోరెసిస్. వీటితో పాటు సాక్సులు విప్పించి పాదాలు చూడటం, ట్యూనింగ్ ఫోర్క్, మోకాలి, మడమ రిఫ్లెక్సులు. ఈ చివరి భాగానికి పది నిమిషాలు పడుతుంది, కానీ రక్త పరీక్షల్లో తేలని విషయాలు అందులో తేలతాయి. నరంలో సంకేతం ఎంత వేగంగా, ఎంత బలంగా వెళ్తోందో చూసే నర్వ్ కండక్షన్ పరీక్ష తర్వాతి మెట్టు. అది పెద్ద నరపు పోగులనే కొలుస్తుంది. మంట, వేడి చల్లదనం మోసుకెళ్లే సన్నని పోగులు మాత్రమే చెడితే ఆ పరీక్ష నార్మల్ అని వస్తుంది, రోగి మాత్రం రాత్రంతా మంటతో మేలుకునే ఉంటాడు. అలాంటప్పుడు కాలి చర్మం నుంచి చిన్న ముక్క తీసి పోగులు లెక్కించే బయాప్సీ అవసరమవుతుంది.

కారణం దొరికి చికిత్స మొదలయ్యాక నీరసం, తిమ్మిరి ఒకే వేగంతో తగ్గవు. బి12 ఇంజెక్షన్లు మొదలైన వారం పది రోజుల్లో ఓపిక వస్తున్నట్టు చాలామందికి తెలుస్తుంది. పాదాలు మాత్రం అలాగే ఉంటాయి. తెగిన నరపు పోగు మళ్లీ పెరగాలంటే వేగం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు, పైన పొర మాత్రమే చెడితే కోలుకోవడం కాస్త త్వరగా ఉంటుంది. అందుకే నెల రోజులకే "ఈ మందు పనిచేయలేదు" అని మానేయడం తొందరపాటు. నరాల మార్పును మూడు నెలలకో ఆరు నెలలకో అదే ట్యూనింగ్ ఫోర్క్‌తో పోల్చి చూస్తారు. పెర్నీషియస్ అనీమియా ఉన్నవారికి బి12 జీవితాంతం కావాలి. ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ లేకున్నా మింగినదానిలో ఒక శాతం దాకా పేగు పీల్చుకుంటుంది కాబట్టి, నరాలు నిలదొక్కుకున్నాక కొందరికి రోజూ 1000 మైక్రోగ్రాముల మాత్రతో కూడా గడుస్తుంది. చాలా ఆలస్యంగా పట్టుబడితే కొంత మొద్దుతనం మిగిలిపోవచ్చు. స్పర్శ తిరిగి వచ్చేదాకా రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోవాలి, నీళ్ల వేడిని పాదంతో కాక మోచేత్తో పరీక్షించుకోవాలి.